గొలుసు పట్టుకుని ఎక్కడికెళ్ళాలి?

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కుక్కకి చోటు వెతకాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అరుగు కింద పడుకునేది. ఎండెక్కితే గడ్డివాము నీడకి పోయేది. మిగిలిన మజ్జిగన్నం పెడితే తినేది, పెట్టకపోతే పక్కింటి వాకిట్లో కూర్చునేది. దాన్ని 'తిప్పడం' అనే పని ఒకటుంటుందని మన అమ్మమ్మల తరంవాళ్ళకి చెబితే నవ్వేసి ఊరుకుంటారు. అదే తిరిగేది, తిరిగి తిరిగి వీధంతా కాపలా కాసేది. ఇప్పుడు పట్నంలో మూడో అంతస్తులో, రెండు పడగ్గదుల ఫ్లాటులో, బాల్కనీ గ్రిల్లు సందులోంచి వీధిలోకి చూస్తూ కూర్చునే కుక్కకి మాత్రం చోటు కావాలి. రోజుకి రెండుసార్లు కావాలి. వానొచ్చినా కావాలి, ఇంట్లో చుట్టాలున్నా కావాలి, మనకి జ్వరమొచ్చినా కావాలి.

'హైదరాబాదులో మీ కుక్కని సరదాగా తీసుకెళ్ళదగ్గ చోట్లు' అంటూ అప్పుడప్పుడూ జాబితాలు కనిపిస్తుంటాయి. చదవడానికి ముచ్చటగానే ఉంటాయి. జూబ్లీహిల్సులో కుక్కలకి కూడా ప్లేటు పెట్టే కాఫీ హోటలు, గచ్చిబౌలి దాటాక ఈతకొలను ఉన్న రిసార్టు, ఊరి చివర కుక్కల్ని పరిగెత్తించుకోవడానికి గంటకింత అని అద్దెకిచ్చే పచ్చిక... ఒక్కసారి ఆ జాబితాలు మళ్ళీ చదవండి. వాటిల్లో ఏ చోటికి వెళ్ళాలన్నా ముందు కారుండాలి, తర్వాత ఆదివారం రావాలి, ఆపైన పర్సు బరువుగా ఉండాలి. కుక్కకేమో వారమంతా ఆదివారమే. సోమవారం పొద్దున్న 5.30కి కూడా అది తలుపు దగ్గర నిలబడి తోక ఊపుతుంది. మరి ఆ వేళకి గొలుసు అందుకునే చెయ్యి ఎవరిది?

నేను చూసినంతవరకూ ఆడవాళ్ళదే. ఇంటికి కుక్క రావడం మాత్రం పిల్లల ముచ్చటగానో ఆయనగారి సరదాగానో వస్తుంది. "అమ్మా, అంతా నేనే చూసుకుంటా, నువ్వు ముట్టుకోనక్కర్లేదు" అని ఒట్టు పెట్టిన పిల్లాడు పదిహేను రోజులు చూస్తాడు. పదహారో రోజు నుంచీ ట్యూషన్లు, పరీక్షలు, నిద్ర. మా ఇంట్లోదీ అదే కథ. మాది జాతికుక్కేమీ కాదు, బడి గేటు దగ్గర వానలో తడుస్తున్న గోధుమరంగు వీధికుక్కపిల్ల. పేరు చిన్ని. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. దాని టీకాల పుస్తకం నా బీరువాలోనే ఉంటుంది, నా నగల రసీదుల పక్కన.

ఇంట్లో పన్నెండు పనులు ఇప్పటికే ఉన్నాయి గనక ఇది పదమూడోది. విసుగు రాదని అనను. కానీ దీంట్లో ఒక లాభం ఉంది, అది గృహిణులకే బాగా అర్థమవుతుంది. తెల్లవారకుండా ఒంటరిగా వీధిలో నడిచే ఆడదాన్ని చూసి ఊరుకునే వీధి మన దేశంలో ఎక్కడైనా ఉందా? "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?" అని పాలబ్బాయి దగ్గర నుంచీ అందరూ అడుగుతారు. పార్కు బెంచీ మీద ఊరికే పదినిమిషాలు కూర్చుంటే "ఇంట్లో ఏమైనా గొడవా?" అని ఆరా తీస్తారు. చేతిలో గొలుసు, ఆ గొలుసు చివర కుక్క ఉంటే ఒక్కరూ అడగరు. కుక్కని తిప్పుతోంది, అంతే! పెళ్ళయ్యాక పన్నెండేళ్ళపాటు మా వీధి చివర ఏముందో నాకు తెలీదు. చిన్ని వచ్చాకే అక్కడ పొగడచెట్టుందనీ, తెల్లవారుజామున దాని కింద పూలు రాలి ఉంటాయనీ తెలిసింది. మా పై అంతస్తు పెద్దావిడ ఒకసారి అన్నారు, "నా మోకాళ్ళకి డాక్టరు నడక రాసిచ్చినప్పుడు ఎవరూ నన్ను కదలనివ్వలేదమ్మా, కుక్క వచ్చాక ఇంట్లోవాళ్ళే తోసి పంపిస్తున్నారు" అని.

అందుకే ఈ నగరంలో కుక్కకి చోటెక్కడుందనే ప్రశ్న కొంచెం కుక్క గురించీ, చాలావరకు మన గురించీ కూడా.

ఉన్న చోట్లేవో ముందు చూద్దాం. 2018లో నగరపాలక సంస్థ వారు కొండాపూర్‌లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచారు. ఒకప్పుడు చెత్త పోసే జాగా అది. సుమారు ఎకరం పావు స్థలం, ఖర్చు కోటి రూపాయల పైమాట. పరిగెత్తడానికి పచ్చిక, దూకడానికి ఆటవస్తువులు, నీళ్ళలో ఆడుకునే తొట్టి, పెద్ద కుక్కలకీ చిన్న కుక్కలకీ వేర్వేరు జాగాలు. మంచి ఆలోచనే, కాదనను. అయితే మేముండేది మల్కాజిగిరి వైపు. నగరం ఈ చివర నుంచి ఆ చివరికి కుక్కతో వెళ్ళడమంటే మాటలా? మెట్రోలో కుక్కని ఎక్కనివ్వరు. సిటీబస్సు సంగతి కండక్టరు మొహం చూస్తేనే తెలుస్తుంది. ఆటో అబ్బాయిలు ముగ్గురిలో ఇద్దరు వద్దంటారు, మూడోవాడు రెట్టింపు అడుగుతాడు. ఇంత నగరానికి అలాంటి పార్కు ఒకటి కట్టి చేతులు దులుపుకుంటే, అది బొమ్మలకొలువులో పార్కులాంటిదే. చూసి సంతోషించాలి.

ఇక పెద్ద పచ్చదనం ఎక్కడుందంటే కేబీఆర్ పార్కు. నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాలు. లోపలికి మాత్రం కుక్కని తీసుకెళ్ళకూడదు. దీనిమీద చాలామంది కుక్కల యజమానులు కోపం తెచ్చుకుంటారు గానీ ఆ 'వద్దు'లో న్యాయం ఉంది. 1998లో అది జాతీయ పార్కు అయింది. అక్కడి నెమళ్ళూ, కుందేళ్ళూ, ముంగిసలూ ఇంకెక్కడికీ పోలేవు. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో మృగవని కూడా అంతే. మన ఇంటి కుక్క ఎంత బుద్ధిమంతురాలైనా దాని ఒంటినున్న జబ్బుకి బుద్ధుండదు కదా. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిల్లో కొన్నిటికి సోకింది కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ అని తేలింది. అడవి జంతువులకి వదిలిపెట్టిన చోటుని వాటికే వదిలేద్దాం. పార్కు చుట్టూ బయట నడకదారి ఉండనే ఉంది. గోల్కొండ కోటలాంటి రక్షిత కట్టడాల్లోకీ జంతువుల్ని తీసుకెళ్ళకూడదని పురావస్తుశాఖ నిబంధన. అదీ సబబే.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు బాగుంటుంది, పొద్దున్నే వెళ్తే. సాయంత్రం మొక్కజొన్న పొత్తుల బండ్లూ, బెలూన్లూ, జనమూ... కుక్కకీ బెదురు, జనానికీ బెదురు. తెల్లారగట్ల మాత్రం నీళ్ళ మీంచి గాలి వీస్తుంటే కుక్క ముక్కు పైకెత్తి నిలబడుతుంది చూడండి, మనం కూడా కాసేపు నిలబడాలనిపిస్తుంది. బెంగుళూరువాళ్ళకి కబ్బన్ పార్కుంది. నగరం మధ్యలో వందేళ్ళు దాటిన చెట్ల కింద కుక్కల్ని తీసుకెళ్ళే అలవాటు వాళ్ళకి ఏనాటినుంచో ఉంది. 2022లో అక్కడ కుక్కల్ని నిషేధిస్తామని ఉద్యానశాఖ ప్రకటిస్తే, కుక్కలున్నవాళ్ళంతా గట్టిగా అడ్డుచెప్పారు. ఆ నిషేధం అప్పటికి ఆగింది. అక్కడి చెత్త, గొలుసు విప్పి వదిలేయడం గురించి వచ్చిన ఫిర్యాదులు మాత్రం అబద్ధాలు కావు. ఆ మాటకి తర్వాత వస్తాను.

చోటు దొరకని కుక్క అనగానే నాకు భారతం గుర్తొస్తుంది. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. సరమ దేవతల ఇంటి కుక్క. దాని కొడుకు ఆడుకుంటూ ఆడుకుంటూ జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి పోయింది. ఏదీ ముట్టుకోలేదు, ఏదీ ఎంగిలి చెయ్యలేదు. జనమేజయుడి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకెళ్ళింది. తల్లి నేరుగా రాజు దగ్గరకి వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారు అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పుడు శాపం పెట్టి పోయింది. చివర్లో చూస్తే మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా వచ్చిందీ కుక్కే. కుక్కలున్నవాళ్ళకి ఇక్కడ చోటు లేదంటాడు ఇంద్రుడు. అయితే నాకూ అక్కర్లేదంటాడు ధర్మరాజు. అంటే అంత పెద్ద భారతానికీ రెండు కొసల్లోనూ 'కుక్కలకు ప్రవేశము లేదు' అనే బోర్డే ఉందన్నమాట! ఆ బోర్డు ముందు నిలబడి ఎందుకని అడిగినవాళ్ళలో మొదటిది ఒక తల్లి. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

ఆ బోర్డులు ఇప్పుడు స్వర్గం గుమ్మంలో కన్నా మన అపార్టుమెంట్ల గుమ్మాల్లోనే ఎక్కువ. లిఫ్టులో కుక్క ఎక్కకూడదని తీర్మానం. కింద పచ్చగడ్డి మీద నడవకూడదని తీర్మానం. వెనక గేటు నుంచే పోవాలని తీర్మానం. నాకు తెలిసిన ఒక అపార్టుమెంటులో అయిదో అంతస్తులో ఉండే విధవావిడ, పన్నెండేళ్ళ ముసలి కుక్కని చంకనేసుకుని మెట్లు దిగేది. ఆవిడకి అరవై రెండేళ్ళు. ఆ తీర్మానం మీద చెయ్యెత్తిన వాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క అంతస్తయినా అలా దిగి చూసినవాళ్ళు కాదు. ఆ మీటింగుకి ఆవిడని పిలిచారు గానీ మాట్లాడనివ్వలేదు. "మెజారిటీ నిర్ణయమండీ" అన్నారట.

మెజారిటీ ఉంటే ఏదైనా చేసేయొచ్చనుకోవడం పొరపాటు. జంతు సంక్షేమ బోర్డువాళ్ళు 2015లోనే దేశమంతటికీ మార్గదర్శకాలు పంపారు. ఎంతమంది చెయ్యెత్తినా సరే, కుక్కల్ని పెంచకూడదని నివాసుల సంఘం నిషేధించడానికి వీల్లేదు. లిఫ్టు వాడనివ్వమనడం, దానికి విడిగా డబ్బు అడగడం తగదు. పార్కుల దగ్గర మొత్తానికి వద్దనే బదులు కుక్కలకి వేళలు పెట్టుకోమన్నారు. ఈ సంగతి చాలా సంఘాలకి తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పరు. ఈసారి మీ కాంప్లెక్సులో ఇలాంటి కాగితం నోటీసు బోర్డు మీద కనబడితే, గొడవ పెట్టుకోకుండా ఆ మార్గదర్శకాల ప్రతి ఒకటి పక్కన అంటించి రండి. అసలీ బోర్డు పుట్టడం వెనక ఉన్నది కూడా ఒక ఆడమనిషే. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతుహింస మీద తనంతట తాను బిల్లు పెట్టాకే ప్రభుత్వం కదిలి 1960లో చట్టం తెచ్చింది. ఆ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. మన హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ మొదలుపెట్టిన అమలగారు కూడా నాట్యం నేర్చుకున్నది కళాక్షేత్రలోనే.

ఇంతవరకూ చదివి, కుక్కంటే భయపడే అక్కచెల్లెళ్ళు మొహం చిట్లిస్తుంటారని నాకు తెలుసు. వాళ్ళ భయం ఉత్తిది కాదు. 2023 ఫిబ్రవరిలో మన అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. తండ్రి కాపలా పనిచేసే చోటే జరిగిందది. 2024 మే నెలలో చెన్నైలో కార్పొరేషన్ పార్కులో, అక్కడి కాపలాదారు కూతురు అయిదేళ్ళ పాప మీద రెండు రాట్‌వైలర్లు పడ్డాయి. అవి వీధివి కావు, పెంపుడువి. గొలుసు లేకుండా వదిలారు. ఈ రెండు సంఘటనల్లోనూ పిల్లలెవరో గమనించండి. కార్లో వచ్చి కార్లో పోయే పిల్లలు కారు. ఆడుకోవడానికి ఆ జాగా తప్ప ఇంకో జాగా లేని పిల్లలు. మన కుక్కకి చోటు అడిగేటప్పుడు ఆ పిల్లల చోటు లాక్కోవడం లేదని మనం చూపించాలి. 'మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ' అనే మాట నేను మాత్రం ఎన్నడూ నమ్మను. కుక్క మనసు మనకి తెలిసినంత మటుకే తెలుసు. గొలుసు చేతిలో ఉంటే ఆ మిగతాది కూడా మన చేతిలో ఉన్నట్టు.

వీధికుక్కల మీద 2025లో సుప్రీంకోర్టులో పెద్ద చర్చే జరిగింది. ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, ఆపరేషనూ టీకా చేసి పట్టుకున్న చోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ కరిచే స్వభావం ఉన్నవాటినీ వదలకూడదనీ, అన్నం పెట్టేవాళ్ళు ప్రత్యేకించిన చోట్లలోనే పెట్టాలనీ చెప్పారు. నవంబరు 7న బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి వాటిని షెల్టర్లకి తరలించాలన్నారు. ఈ ఉత్తర్వుల మీద అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఎంతైనా వాదించుకోవచ్చు. నాకు తోచిందొకటే. అన్నం పెట్టడానికి ఫలానా మూల అని చెప్పాలంటే ఆ మూలని ముందు ఎవరో చూపించాలి. 2023 నాటి నియమాల్లో కూడా ఆ చోటు చూపించే బాధ్యత నివాసుల సంఘం మీద పెట్టారు, పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకీ, గేట్లకీ దూరంగా. రాత్రిపూట స్టీలు గిన్నెలో అన్నం కలుపుకుని వీధిలోకి వెళ్ళేది మళ్ళీ మనమే. తిట్లు పడేదీ మనమే. మా వీధిలో ఒకావిడని "నీకు ఇంట్లో మనుషుల్లేరా, కుక్కలకి వండుతున్నావు" అన్నారొకాయన. ఆవిడ శాంతంగా "ఉన్నారండీ, వాళ్ళు తిన్నాకే వచ్చాను" అంది.

మన వంతు సంగతి కూడా చెప్పుకోవాలి. కుక్క చేసిన మలాన్ని అక్కడే వదిలేసి, ఆకాశంకేసి చూస్తూ నడిచే వాళ్ళని రోజూ చూస్తాను. ఒక పాత పేపరు ముక్క జేబులో పెట్టుకోవడానికి ఏం నొప్పి? రోడ్డు ఊడ్చేది మనలాంటి ఆడమనిషే, తెల్లారేసరికి చీపురు పట్టుకుని వస్తుంది. పార్కుల్లోకి కుక్కల్ని రానివ్వకపోవడానికి సగం కారణం ఇదే. రెండోది టీకా. పిల్లకి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత ఏడాదికోసారి. డబ్బు ఇబ్బందైతే జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్ళండి. ఆ రోజు జూనోసిస్ దినం అని ఊరూరా ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజది. ఎవరినైనా కుక్క కరిస్తే, మీదైనా వీధిదైనా, పసుపూ కారమూ పెట్టకండి. ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి. మన ఎండలు తెలిసినవే. చెప్పులేసుకున్న మనకి తారురోడ్డు వేడి తెలీదు. ముంజేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి అయిదారు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క అరికాళ్ళూ ఉంచలేవు. అది మనలా ఒళ్ళంతా చెమట పట్టించుకోలేదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి పోగొట్టుకోవాలి. మంచుదేశాల బొచ్చుకుక్కల్ని తెచ్చి ఏప్రిల్‌లో పదిగంటలకి తిప్పేవాళ్ళని చూస్తే నాకు మండుతుంది. అందుకేనేమో మా చిన్ని ఏడేళ్ళలో ఎన్నడూ ఎండకి సోలిపోలేదు. ఈ మట్టిలో పుట్టిన కుక్క మరి.

పనమ్మాయిల మాట కూడా ఇక్కడే అనాలి. మనకి ముద్దొచ్చే కుక్క ఆ అమ్మాయికి భయం కావచ్చు. ఆవిడ వీధిలో ఎన్ని కుక్కల్ని తప్పించుకుని వస్తుందో! అంట్లు తోముతుంటే వెనకనుంచి వచ్చి వాసన చూస్తే ఉలిక్కిపడదా? ఆ గంటసేపు కుక్కని గదిలో పెట్టండి. "దీన్ని కూడా కాస్త తిప్పి తీసుకురా" అని జీతంలో లేని పని అప్పజెప్పే ఇళ్ళు కూడా నాకు తెలుసు. ఇంట్లో మగవాళ్ళు మన మీద వేసిన పదమూడో పనిని మనం ఆవిడ మీద వేస్తున్నామన్నమాట.

పుట్టింటికి వెళ్ళాలన్నా ఇదే తంటా. మాది తెనాలి. సంక్రాంతికి వెళ్దామంటే మొదటి ప్రశ్న పిల్లల సెలవుల గురించి కాదు, చిన్ని సంగతేమిటని. రైల్లో కుక్క మనతో ఉండాలంటే ఏసీ ఫస్టు క్లాసులో కూపే మొత్తం మనదై ఉండాలి. లేకపోతే గార్డు పెట్టెలోని బోనులో ఒంటరిగా రావాలి. ఫస్టు క్లాసు టిక్కెట్ల డబ్బుతో అమ్మకి రెండు పట్టుచీరలొస్తాయి. హాస్టళ్ళలో వదిలితే పండగరోజుల్లో రేట్లు పెంచుతారు. మేం చేసే ఉపాయం చెబుతాను, పనికొస్తే వాడుకోండి. మా వీధిలో కుక్కలున్న అయిదిళ్ళవాళ్ళం ఒకరి కుక్కని ఒకరు చూసుకుంటాం. సంక్రాంతికి నేను వెళ్తే ఉగాదికి ఎదురింటి వదినగారు వెళ్తారు. నా కుక్క వాళ్ళింట్లో పెరుగన్నం తింటుంది, వాళ్ళ కుక్క మా ఇంట్లో రాగిసంకటి తింటుంది. పైసా ఖర్చు లేదు. తిరిగొచ్చాక అరిసెలు పంచుకుంటాం.

కాబట్టి ఊరి చివర ఇంకో రిసార్టు వస్తే నాకు ఒరిగేదేం లేదు. ప్రతి వార్డులోనూ ఉన్న చిన్న పార్కులోనే, ఒక మూల, రోజుకి రెండు పూటలా ఒక గంట కావాలి. ఇల్లు తాళం వేసి, చెప్పులేసుకుని, కూర పొయ్యి మీద పెట్టే లోపల నడిచి వెళ్ళి రాగలిగినంత దూరంలో కావాలి. బెంగుళూరులోనో బొంబాయిలోనో ఏముందో మనకెందుకు? నగరంలో చాలా కాలనీల్లో మునిసిపల్ పార్కులు ఉన్నాయి. తెల్లారేసరికి లాఫింగ్ క్లబ్బుకి వేళ ఉంది, యోగాకి వేళ ఉంది, పిల్లల క్రికెట్టుకి వేళ ఉంది. కుక్కలకి వేళ పెట్టడానికి కొత్త జాగా కొననక్కర్లేదు, ఒక బోర్డు మార్చి రాస్తే చాలు.

మా వీధి చివర పార్కు కోసం పదకొండు మంది ఆడవాళ్ళం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. పొద్దున్న 5.30 నుంచి 6.30 వరకు, రాత్రి 8.30 నుంచి 9.30 వరకు. వెనక గోడవైపు నాలుగోవంతు జాగాకి నడుమెత్తు కంచె. ఒక కుళాయి, మూత ఉన్న చెత్తడబ్బా, ఒక దీపం. టీకా కాగితం లేని కుక్కని, గొలుసు లేని కుక్కని మేమే గేటు దగ్గర ఆపుతామనీ, శుభ్రం బాధ్యత వంతులవారీగా మాదేననీ కూడా రాశాం. అర్జీ తీసుకున్న ఆఫీసాయన రెండు సార్లు చదివి, "కుక్కలకి దీపమెందుకమ్మా, వాటికి చీకట్లో కనబడుతుంది కదా?" అన్నారు. "వాటిని పట్టుకున్నవాళ్ళకి కనబడదండీ" అంది మాలో ఒకమ్మాయి. ఆయన నవ్వారు గానీ కాగితం మీద ఏమీ రాయలేదు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి సంతకాలు ఇరవై దాటాయి. కొత్తగా చేసినవాళ్ళలో ఆరుగురికి అసలు కుక్కల్లేవు, ఒకావిడకైతే కుక్కంటే ప్రాణభయం. ఎందుకు చేస్తున్నారని అడిగితే, దీపం కోసమన్నారు.